ఫోర్క్‌కి పేరు మార్చినా అసలు అప్లికేషన్‌తో గొడవ తప్పట్లేదు: ఏ పేర్లు మార్చాలి, ఏవి అలాగే ఉంచాలి?

కొత్తకొమ్మ అడిగిన ప్రశ్న

నోట్సు రాసుకునే ఒక ఓపెన్‌సోర్స్ డెస్క్‌టాప్ అప్లికేషన్‌కి ఫోర్క్ (అసలు కోడ్ కాపీ తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టు) ఇది. కోడ్ సీ ప్లస్‌ప్లస్, క్యూటీ. దాంతోపాటు ఒక షేర్డ్ లైబ్రరీ, బయటివాళ్ళు రాసిన ప్లగిన్లు, నోట్సు దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్, పక్కన ఒక ఆండ్రాయిడ్ యాప్ ఉన్నాయి. అసలు ప్రాజెక్టు ఆగిపోలేదు. అక్కడి సవరణల్ని ఎప్పటికప్పుడు మెర్జ్ చేసుకోవాలి, అంటే మా కోడ్‌లో కలుపుకోవాలి. రెండూ ఒకే మిషన్‌లో ఉంచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

విండో టైటిల్, లోగో, రీడ్‌మీ, డెబియన్ ప్యాకేజీ పేరు మార్చాం. అయినా ఈ ఇబ్బందులు మిగిలాయి:

అసలుది ఉన్న డెబియన్ మిషన్‌లో ఫోర్క్ వేస్తే, ఫలానా ఫైలు వేరే ప్యాకేజీలో ఉంది, దాని మీద రాయలేను అని డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ప్రోగ్రాం) ఆగిపోతోంది. వేరే డైరెక్టరీలో బిల్డ్ చేసి నడిపితే, ఫోర్క్ ఐకాన్ నొక్కినప్పుడు అప్పటికే తెరిచి ఉన్న అసలుదాని విండో ముందుకొస్తోంది. ఒకదాంట్లో ఫాంట్ మారిస్తే రెండోదాంట్లోనూ మారుతోంది. ఫోర్క్ ఒకసారి డేటాబేస్ తెరిచాక అసలుది దాన్ని తెరవనంటోంది. ఆండ్రాయిడ్‌లో అప్లికేషన్ ఐడీ మార్చినా "కాన్‌ఫ్లిక్టింగ్ ప్రొవైడర్" అని ఇన్‌స్టాల్ విఫలమవుతోంది.

రెండు ఆలోచనలున్నాయి. ప్యాకేజీలో కాన్‌ఫ్లిక్ట్స్ అని రాసేసి రెండూ కలిసి ఉండకుండా చెయ్యడం ఒకటి. సెడ్‌తో పాత పేరు కనిపించిన ప్రతి చోటా కొత్త పేరు పెట్టెయ్యడం రెండోది. ఏది మేలు?

---

డెబ్‌మేస్త్రి జవాబు

రెండూ వద్దండి. ముఖ్యంగా సెడ్ జోలికి వెళ్ళొద్దు.

అప్లికేషన్‌కి పేరు ఒక్కటే ఉందనుకోవడంతోనే ఈ చిక్కంతా మొదలవుతుంది. మనుషులు చదివే పేరు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తుపట్టే పేర్లు వేరు, పక్క ప్రోగ్రాములు మీతో మాట్లాడటానికి వాడే పేర్లు వేరు. మీరు మొదటి రకం మార్చారు. గొడవంతా రెండో రకంలో ఉంది. సెడ్ కొడితే మూడో రకం కూడా పోతుంది, దాంతో ప్లగిన్లు పోతాయి.

ప్రతి పేరు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: మిషన్ మీద ఈ పేరుకి ఒక్కరే యజమాని ఉండాలా? ఉండాలి అంటే మార్చండి. ఫైలు దారులు, డీ-బస్ (లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ) పేరు, సాకెట్, కాన్ఫిగ్ డైరెక్టరీ, ఇన్‌స్టాలర్ గుర్తింపు సంఖ్య అన్నీ ఇందులోకే వస్తాయి. అలా కాకుండా అది బయటివాళ్ళతో ఒప్పందమైతే ముట్టుకోకండి. ప్లగిన్ ఏపీఐ (ప్లగిన్లు పిలిచే ఫంక్షన్లు), ఫైలు ఫార్మాట్, మైమ్ టైప్ (ఫైలు రకానికి పేరు), నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఈ కోవలోవి. బిల్డ్‌లు నడిపే జెంకిన్స్ 2011లో హడ్సన్ నుంచి విడిపోయింది. ఆ ప్లగిన్లు రాసేవాళ్ళు ఇప్పటికీ "హడ్సన్ డాట్ మోడల్" అనే జావా ప్యాకేజీనే ఇంపోర్ట్ చేస్తారు. దాన్ని మార్చి ఉంటే ప్లగిన్లన్నీ ఒక్క దెబ్బకి విరిగిపోయేవి.

మేట్ డెస్క్‌టాప్‌ది దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి. గ్నోమ్ 2 నుంచి 2011లో విడిపోయినప్పుడు పాత పేర్లన్నీ గ్నోమ్ 3 వాడుతోంది. అందుకని నాటిలస్‌ని కాజా అని, జీఎడిట్‌ని ప్లూమా అని, ఎవిన్స్‌ని అట్రిల్ అని, మెటాసిటీని మార్కో అని మార్చుకుంటూ పోయారు. పెద్ద చాకిరీ, కానీ పక్కపక్కన బతకాలంటే వేరే దారి లేదు. కేడీఈ 3 నుంచి వచ్చిన ట్రినిటీ ఇంకో పద్ధతి పట్టింది. మొత్తాన్ని "ఆప్ట్" కింద ట్రినిటీ అనే డైరెక్టరీలో పెట్టి, యూజర్ సెట్టింగులకి హోమ్‌లో తన సొంత డైరెక్టరీ పెట్టుకుంది. ఈ రెండో సగం మర్చిపోతే మీకు జరిగిందే జరుగుతుంది: ఇన్‌స్టాల్ చోటు వేరైనా సెట్టింగులు కలిసిపోతాయి.

ఇక ప్యాకేజీ సంగతి. ఒకే పని చేసే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరుతో ఉంటే, ఆల్టర్నేటివ్స్‌తో (ఒకే పేరున్న లింక్ ఏ ప్రోగ్రాంని చూపాలో ఎంచుకునే పద్ధతి) గానీ కాన్‌ఫ్లిక్ట్స్‌తో గానీ సర్దుకోవచ్చని డెబియన్ పాలసీ ఒప్పుకుంటుంది. కాబట్టి కాన్‌ఫ్లిక్ట్స్ తప్పు కాదు. కాకపోతే మీ వాడుకదారులు రెండూ కావాలంటున్నారు, అలాంటప్పుడు అది పరిష్కారం కాదు. ఆల్టర్నేటివ్స్ కూడా మీరొక్కరే పెట్టుకుంటే నడవదు. ఆ దారిలో అసలు ప్యాకేజీ నిజమైన ఫైలునే పెడుతున్నంత కాలం, అదే చోట మీ లింక్ పెట్టలేరు. వాళ్ళూ ఒప్పుకుని తమ ఫైలుకి వేరే పేరు పెట్టి నమోదు చేసుకోవాలి.

రీప్లేసెస్ (ఆ ప్యాకేజీ ఫైళ్ళ మీద రాయొచ్చు అనే ప్రకటన) ఒక్కటే రాసి ఎర్రర్ నోరు మూయించకండి. డీపీకేజీ ఊరుకుంటుంది, ఫైలు మీ ప్యాకేజీ సొత్తవుతుంది. తర్వాత ఎవరైనా ఫోర్క్ తీసేస్తే ఆ ఫైలు కూడా పోతుంది, అసలు అప్లికేషన్ విరిగిపోతుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏమీ కనబడదు, నెలల తర్వాత బయటపడుతుంది. ఆ తప్పు మీదని వాళ్ళకి తట్టదు, పాపం అసలు ప్రాజెక్టు వాళ్ళ బగ్ ట్రాకర్‌కి వెళ్తారు. అపాచీ ఓపెన్‌ఆఫీస్ డెబ్ ఫైళ్ళలోని మెనూ ప్యాకేజీ "ఎస్‌ఆఫీస్" అనే కమాండ్ దగ్గర లిబ్రేఆఫీస్‌తో ఇలాగే ఢీకొనేది. అక్కడ కనీసం ఎర్రర్ ఇచ్చి ఆగింది. ఆగడమే నయం.

ప్రొవైడ్స్ విషయంలోనూ నిదానించండి. అసలు పేరుని మీరు ప్రొవైడ్ చేస్తున్నాం అంటే, దాని మీద ఆధారపడ్డ ప్రతి ప్యాకేజీకి మీరు మాట ఇచ్చినట్టు. ప్లగిన్ ఏపీఐ కలిసి ఉన్నంత వరకే, అదీ వెర్షన్‌తో సహా రాయండి.

---

ముడిబైట్లు జవాబు

క్యూటీ వైపు మీరు వెతకాల్సిన చోట్లు చెప్తాను, చాలా వరకు ఒకే మూలం నుంచి వస్తున్నాయి.

సెట్టింగులు కలిసిపోవడానికి కారణం ఆర్గనైజేషన్ నేమ్, అప్లికేషన్ నేమ్. మెయిన్ ఫంక్షన్‌లో ఈ రెండూ పాతవే ఉండి ఉంటాయి. లినక్స్‌లో క్యూసెట్టింగ్స్ ఫైలు దారి, విండోస్‌లో రిజిస్ట్రీ కీ, డేటా డైరెక్టరీ అన్నీ వీటి నుంచే పుడతాయి. కనిపించే పేరుకి అప్లికేషన్ డిస్‌ప్లే నేమ్ అని విడిగా ఉంది. మీరు దాన్నే మార్చి ఊరుకున్నట్టున్నారు.

పాత విండో ముందుకు రావడం సింగిల్ ఇన్‌స్టెన్స్ తనిఖీ వల్ల. ప్రోగ్రాం లేవగానే డీ-బస్ మీద ఒక పేరు అడుగుతుంది, లేదా క్యూలోకల్‌సర్వర్‌తో ఒక సాకెట్ తెరుస్తుంది. ఆ పేరు ఇంకొకరి దగ్గరుంటే, నేనే ఇంకోసారి నడుస్తున్నాను అనుకుని వాళ్ళని ముందుకు రమ్మని తాను తప్పుకుంటుంది. విండోస్‌లో ఇదే పని మ్యూటెక్స్ గానీ నేమ్డ్ పైప్ గానీ చేస్తుంది. మూడింటి పేర్లూ మార్చండి. డెస్క్‌టాప్ ఫైలు పేరు, సెట్ డెస్క్‌టాప్ ఫైల్ నేమ్‌కి ఇచ్చే పేరు ఒకటే కావాలి. లేకపోతే వేల్యాండ్ (లినక్స్‌లో విండోలు చూపే వ్యవస్థ) కింద టాస్క్‌బార్‌లో తప్పుడు ఐకానో, ఖాళీ ఐకానో కనిపిస్తుంది.

విండోస్ ఇన్‌స్టాలర్ ఇంకా ప్రమాదం. ఎంఎస్ఐ అయితే అప్‌గ్రేడ్ కోడ్ పాతదే ఉంచి మేజర్ అప్‌గ్రేడ్ పెట్టారంటే, మీది వేస్తున్నప్పుడు పాత వెర్షన్ అనుకుని అసలు అప్లికేషన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తుంది. ఇన్నో సెటప్‌లో యాప్ ఐడీ అదే ఉంటే, అసలుది ఉన్న ఫోల్డర్‌లోనే దాని మీదనే మీ ఫైళ్ళు పరుస్తుంది. రెండింటికీ కొత్త గుర్తింపు పుట్టించి ఒకసారి పెట్టాక మళ్ళీ ఎప్పుడూ మార్చకండి. షెల్ ఎక్స్‌టెన్షన్ ఉంటే దాని సీఎల్ఎస్ ఐడీ, ఫైళ్ళని తెరిచే ప్రోగ్ ఐడీ, టాస్క్‌బార్ వాడే యాప్ యూజర్ మోడల్ ఐడీ కూడా చూడండి.

లైబ్రరీ దగ్గర అసలు చిక్కు ఉంటుంది. ఫైలు పేరు మార్చడం చాలదు. ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాములు, లైబ్రరీలు ఉండే ఫార్మాట్) ఫైలు లోపల సోనేమ్ అని ఒకటి రాసి ఉంటుంది, లింక్ చేసేటప్పుడు లింకర్ ఆ పేరునే ప్రోగ్రాంలోకి ఎక్కిస్తుంది. నడిచేటప్పుడు లోడర్ వెతికేది ఆ పేరునే. బిల్డ్ సాధనం సీమేక్‌లో టార్గెట్‌కి అవుట్‌పుట్ నేమ్ మారిస్తే రెండూ కలిసి మారతాయి. బిల్డ్ అయ్యాక రీడ్‌ఎల్ఫ్‌కి డైనమిక్ విభాగం చూపే ఆప్షన్ ఇచ్చి సోనేమ్ కొత్తదో కాదో కళ్ళారా చూసుకోండి.

ఇది ఎంత దూరం వెళ్తుందో ఆడియో, వీడియో మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, దాని ఫోర్క్ లిబ్‌ఏవీ చూపించాయి. 2011లో విడిపోయాక కూడా రెండూ "లిబ్‌ఏవీకోడెక్" పేరునే ఉంచుకున్నాయి. ఏది ఏదో కోడ్‌లో తేల్చుకోవడానికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ తన లైబ్రరీల మైక్రో వెర్షన్‌ని 100 నుంచి మొదలుపెట్టింది. డెబియన్, ఉబుంటుల్లో కొంతకాలం "ఎఫ్ఎఫ్‌ఎంపెగ్" అని టైపు చేస్తే లేచేది లిబ్‌ఏవీ వాళ్ళ ప్రోగ్రాం. ఈ ప్రోగ్రాంకి కాలం చెల్లింది, ఏవీకాన్వ్ వాడండి అని అది చెప్పేది. అది చదివి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ప్రాజెక్టే ముగిసిపోయిందని జనం నమ్మారు. రెంటినీ పక్కపక్కన పెట్టడానికి డెబియన్ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీల పేరు చివర ఒక తోక తగిలించి బిల్డ్ చేసింది. 2015లో మళ్ళీ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌కే వెళ్ళిపోయింది.

సోనేమ్ మార్చినా ఇంకో గుంట ఉంది. అసలు లైబ్రరీకి లింక్ అయిన ప్లగిన్‌ని మీ ఫోర్క్ లోడ్ చేస్తే ఒకే ప్రాసెస్‌లోకి రెండు లైబ్రరీలూ వస్తాయి. రెండింట్లోనూ ఒకే సింబల్ పేర్లు. లోడర్ ముందు దొరికినదాన్ని అందరికీ కట్టబెడుతుంది. క్లాస్ లోపలి అమరిక ఒక్క సభ్యుడంత తేడా వచ్చినా, సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. కోర్ డంప్ చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అదే బాధ. దీనికి మందు: ప్లగిన్లు లైబ్రరీకి లింక్ కాకుండా, హోస్ట్ ఇచ్చే ఇంటర్‌ఫేస్ ద్వారానే మాట్లాడాలి. అది కుదరకపోతే లైబ్రరీ లోపలి కోడ్ అంతా కొత్త నేమ్‌స్పేస్‌లోకి మార్చి, ప్లగిన్లని రీబిల్డ్ చేయించాలి. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్, దాని ఫోర్క్ లిబ్రేఎస్ఎస్ఎల్ రెండూ ఒకే ప్రాసెస్‌లో పడితే వచ్చే రోగం కూడా ఇదే.

పైథాన్ బైండింగ్ కూడా ఇస్తుంటే ఒక మాట. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్, రెండు ప్యాకేజీల ఫైళ్ళు ఢీకొంటున్నాయా అని చూడదు, రెండోది మొదటిదాని మీద రాసేస్తుంది. తర్వాత ఏ ఒక్కటి తీసేసినా రెండూ పోతాయి. పీఐఎల్ అనే పాత బొమ్మల లైబ్రరీకి ఫోర్క్ అయిన పిల్లో, ఇంపోర్ట్ పేరు "పీఐఎల్" అనే ఉంచింది. పాత కోడ్ నడవడానికి అది మంచి నిర్ణయమే, కానీ పాత పీఐఎల్ తీసేశాకే పిల్లో వెయ్యాలి, రెండూ కలిసి ఉండలేవు అని వాళ్ళ డాక్యుమెంటేషనే చెబుతుంది.

---

ఆండ్రాయిడ్‌పని జవాబు

కాన్‌ఫ్లిక్టింగ్ ప్రొవైడర్ గురించి. కంటెంట్ ప్రొవైడర్ (యాప్ డేటాని వేరే యాప్‌లకి ఇచ్చే భాగం) అథారిటీ, అంటే దాన్ని గుర్తుపట్టే పేరు, ఫోన్ మొత్తంలో ఒక్క యాప్‌కే ఉండాలి. అప్లికేషన్ ఐడీ మారినా మ్యానిఫెస్ట్‌లో అథారిటీ పాత పేరుతో అక్షరాలా రాసి ఉంటే ఇన్‌స్టాల్ కాదు. అక్కడ అప్లికేషన్ ఐడీ ప్లేస్‌హోల్డర్ (బిల్డ్ చేసేటప్పుడు అసలు విలువతో నిండే గుర్తు) పెట్టి, చివర ఫైల్‌ప్రొవైడర్ అని చేర్చండి. జావా, కాట్లిన్ కోడ్‌లోనూ ఆ అథారిటీ అక్షరాలా ఉందేమో వెతకాలి. మ్యానిఫెస్ట్ ఒక్కటే మారిస్తే ఇన్‌స్టాల్ అవుతుంది, ఎవరైనా షేర్ బటన్ నొక్కినప్పుడు ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్‌తో పడిపోతుంది. కోడ్‌లో కాంటెక్స్ట్ ఇచ్చే ప్యాకేజీ నేమ్ నుంచి తీసుకోండి.

అది దాటాక "డూప్లికేట్ పర్మిషన్" రావచ్చు. సొంతంగా ప్రకటించిన పర్మిషన్ పేరు అసలు యాప్‌లోనూ ఉండి, సంతకం చేసిన కీ వేరైతే సిస్టమ్ ఒప్పుకోదు. ఆ పేరుకీ అదే ప్లేస్‌హోల్డర్ చికిత్స.

సింక్ ఉందా? అకౌంట్ టైప్ కూడా మార్చాలి. అది రిసోర్స్ ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, అక్కడ మ్యానిఫెస్ట్ ప్లేస్‌హోల్డర్లు పనిచెయ్యవు. ఆండ్రాయిడ్ బిల్డ్ సాధనం గ్రేడిల్‌లో రెస్‌వాల్యూతో ఒక స్ట్రింగ్ పుట్టించి దాన్ని చూపించాలి. ఇది మర్చిపోతే ఇన్‌స్టాల్ దశలో ఎవరూ అడ్డు చెప్పరు, అందుకే ఆలస్యంగా దొరుకుతుంది.

యూఆర్ఎల్ స్కీమ్ కూడా అంతే, నిశ్శబ్దంగా ఉంటుంది. రెండు యాప్‌లూ ఒకే స్కీమ్ ప్రకటిస్తే ఏది తెరవాలో అడిగే పెట్టె వస్తుంది. లాగిన్ అయ్యాక వెనక్కి వచ్చే లింక్ ఆ స్కీమ్ మీదే ఆధారపడితే, మీ యాప్‌కి రావాల్సిన లాగిన్ కోడ్ అసలు యాప్ చేతికి వెళ్ళొచ్చు. ఇది భద్రతకి సంబంధించిన తప్పు, మొదట దీన్నే సరిచెయ్యండి.

మార్చకూడనిది ఒకటుంది: నేమ్‌స్పేస్. అప్లికేషన్ ఐడీ వేరు, ఆర్ క్లాస్ (రిసోర్సుల పట్టిక) పుట్టే నేమ్‌స్పేస్ వేరు. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి నేమ్‌స్పేస్‌ని బిల్డ్ ఫైల్లోనే రాయాలి. అది పాతదే ఉంటే వాడుకదారులకి కనిపించదు, ఫోన్ పట్టించుకోదు, మీకు మాత్రం మెర్జ్‌లు హాయిగా జరుగుతాయి. జావా డైరెక్టరీలన్నీ పేరు మార్చిన ఫోర్క్‌లో, అసలు ప్రాజెక్టు కొత్త ఫైలు చేర్చినప్పుడు అది పాత డైరెక్టరీలో పడొచ్చు, చేత్తో సరిచెయ్యాల్సి రావచ్చు.

---

కొత్తకొమ్మ

మీ అందరికీ కృతజ్ఞతలండి. అథారిటీ, పర్మిషన్ మార్చాక ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ అయింది. డీ-బస్ పేరూ దొరికింది.

ఇంకా రెండు ప్రశ్నలు. పాత డేటాని ఫోర్క్‌లోకి తెచ్చుకోవడం ఎలా? ఇప్పటిదాకా డైరెక్టరీ ఒకటే కాబట్టి ఆ అవసరం రాలేదు. రెండోది, కొన్ని ప్లగిన్లు హోస్ట్ పేరు, వెర్షన్ అడిగి చూసుకుంటాయి. పేరు తెలియనిదైతే లోడ్ అవ్వవు. పాత కమాండ్ పేరుతో సిమ్‌లింక్ (వేరే ఫైలుని చూపించే పేరు) ఇమ్మని కూడా కొందరు అడుగుతున్నారు.

---

పాతకాపు జవాబు

డేటాని కాపీ చెయ్యండి, తరలించకండి, సిమ్‌లింక్ అసలే వద్దు. మొదటిసారి లేచినప్పుడు కొత్త డైరెక్టరీ లేకుండా పాతది ఉంటే, అడిగి కాపీ చెయ్యాలి. ఎస్‌క్యూలైట్ ఫైలుని మామూలు ఫైలులా కాపీ చెయ్యొద్దు. డబ్ల్యూఏఎల్ మోడ్‌లో ఉంటే ఇటీవలి మార్పులు పక్కనున్న డబ్ల్యూఏఎల్ ఫైల్లో ఉంటాయి, అది వదిలేస్తే చివర రాసిన నోట్సు పోతాయి. బ్యాకప్ ఏపీఐ గానీ, "వాక్యూమ్ ఇన్‌టూ" గానీ వాడితే అసలుది తెరిచి ఉన్నా సరైన ప్రతి వస్తుంది.

స్కీమా (టేబుళ్ళ అమరిక) దగ్గర ఎవరూ ముందుగా చూసుకోని ఉచ్చు ఒకటుంది. ఎస్‌క్యూలైట్ ఫైల్లో స్కీమా సంఖ్య దాచుకునే యూజర్ వెర్షన్‌లో ఇప్పుడు 12 ఉందనుకుందాం. మీరు ఒక కాలమ్ చేర్చి 13 చేశారు. అసలు ప్రాజెక్టు తర్వాత వేరే మార్పు చేసి అదీ 13 అంది. వాళ్ళ మైగ్రేషన్ (డేటాబేస్‌ని కొత్త అమరికకి మార్చే కోడ్) మీరు మెర్జ్ చేసుకున్నాక, మీ వాడుకదారుల డేటాబేస్‌లో ఇప్పటికే 13 ఉంది కాబట్టి ఆ మైగ్రేషన్ నడవదు. కాలమ్ లేదు అనే ఎర్రర్ ఎక్కడో వస్తుంది. అందుకని యూజర్ వెర్షన్ వాళ్ళకే వదిలెయ్యండి. మీ మైగ్రేషన్లు ఏవేవి నడిచాయో మీ సొంత టేబుల్‌లో పేర్లతో రాసుకోండి. ఫార్మాట్ నిజంగా విడిపోయిన రోజున ఎస్‌క్యూలైట్ అప్లికేషన్ ఐడీ ప్రాగ్మా (ఆండ్రాయిడ్ ఐడీ కాదు) కొత్త సంఖ్యకి మార్చండి. అది ఫైలు హెడర్‌లో ఉంటుంది కాబట్టి, ఇది ఎవరి ఫైలో తెరిచే ముందే తెలుస్తుంది.

హోస్ట్ పేరు, వెర్షన్ సంగతికి డేటాబేస్ సర్వర్ వాల్‌కీ చేసిన పని చూడండి. 2024లో రెడిస్ నుంచి విడిపోయాక, ఇన్ఫో కమాండ్‌కి జవాబులో పాత క్లయింట్ల కోసం రెడిస్ వెర్షన్ 7.2.4 అనే చెబుతుంది, తన నిజమైన వెర్షన్‌ని వేరే వరుసలో ఇస్తుంది. మీరూ ఏపీఐ పేరు, ఏపీఐ వెర్షన్ పాతవి ఉంచి, ఉత్పత్తి పేరు, ఉత్పత్తి వెర్షన్ అని కొత్తగా రెండు చేర్చండి. ఏపీఐ వెర్షన్‌ని మాత్రం మీ విడుదలలతో పాటు పెంచుకుంటూ పోకండి. అసలువాళ్ళ 4.0లో ఉన్న ఫంక్షన్ మీ దగ్గర లేకుండా మీరు 4.0 అని చెబితే ప్లగిన్ నమ్మి పిలుస్తుంది.

సిమ్‌లింక్ మీద నా అభిప్రాయం ఖచ్చితం: ప్రధాన ప్యాకేజీలో పెట్టొద్దు. కావాలన్నవాళ్ళ కోసం ఒక చిన్న విడి ప్యాకేజీ చెయ్యండి, అందులో సిమ్‌లింక్, అసలుదానితో కాన్‌ఫ్లిక్ట్స్, రెండే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి ఫోర్క్ అయిన మరియాడీబీ 2009లో మొదలై "మైఎస్‌క్యూఎల్" కమాండ్ పేర్లతోనే చాలాకాలం నడిచింది. 10.4లో కొత్త పేర్లని సిమ్‌లింకులుగా తెచ్చి, 10.5లో తలకిందులు చేసి కొత్తవాటిని అసలు పేర్లుగా, పాతవాటిని లింకులుగా చేసింది. స్క్రిప్టులు రాసేవాళ్ళకి మారడానికి వ్యవధి దొరికింది. కానీ అది ఒకదాని స్థానంలో ఇంకోటి వెయ్యడానికి చేసిన ఫోర్క్, మీది పక్కన ఉండాల్సిన ఫోర్క్. వాళ్ళ పద్ధతి మీకు అతకదు.

---

డెబ్‌మేస్త్రి

సిమ్‌లింక్ విడి ప్యాకేజీలో ఉండాలన్న మాటతో ఏకీభవిస్తాను. విడుదలకి ముందు చూసుకోవాల్సినవి చెప్పి ఆపుతాను.

మార్చిన పేర్లన్నీ ఒక సీమేక్ ఫైల్లో వేరియబుల్స్‌గా పెట్టి, హెడర్, డెస్క్‌టాప్ ఫైలు, సర్వీసు ఫైలు అన్నీ వాటి నుంచి పుట్టేలా చెయ్యండి. మెర్జ్‌లో గొడవ వచ్చినా ఆ ఒక్క చోటే వస్తుంది. వీలైతే ఆ వేరియబుల్స్ మార్పుని అసలు ప్రాజెక్టుకే పంపండి. పేర్లు పాతవే ఉంటాయి కాబట్టి వాళ్ళకి నష్టం లేదు, ఒప్పుకుంటే మీ తేడా కొన్ని వరుసలకి దిగుతుంది.

రెండు డెబ్ ఫైళ్ళలోని ఫైలు జాబితాలు తీసి, డైరెక్టరీలు వదిలేసి, సార్ట్ చేసి, కామ్ కమాండ్‌తో ఉమ్మడివి చూడండి. ఒక్కటి కూడా రాకూడదు. మ్యాన్ పేజీలు, ఐకాన్లు, అనువాదాల ఫైళ్ళు, మైమ్ ఎక్స్‌ఎంఎల్ ఎక్కువగా దొరుకుతాయి. మైమ్ టైప్ ఉమ్మడిగా ఉండొచ్చు, దాన్ని ప్రకటించే ఫైలు పేరు మాత్రం వేరుగా ఉండాలి. తర్వాత ఫోర్క్‌ని ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం ఏ ఫైళ్ళు తెరుస్తోందో చూపే సాధనం) కింద నడిపి, తెరిచిన ఫైళ్ళలో పాత పేరు ఎక్కడైనా ఉందా అని గ్రెప్ చెయ్యండి. డేటా తెచ్చుకునే ఆ ఒక్క దశలో తప్ప రాకూడదు.

ఖాళీ కంటైనర్‌లో ముందు అసలుది తర్వాత ఫోర్క్, ఇంకోదాంట్లో ముందు ఫోర్క్ తర్వాత అసలుది వెయ్యండి. ప్రతిసారీ ఫోర్క్‌ని పర్జ్ చేసి (సెట్టింగులతో సహా తీసేసి) అసలుది ఇంకా నడుస్తోందా, దాని ఫైళ్ళు అన్నీ ఉన్నాయా అని డీపీకేజీ వెరిఫైతో చూడండి. పర్జ్ ఎందుకంటే, ఫోర్క్‌లు అందరికంటే ఆలస్యంగా గుర్తించే పాత పేరు పోస్ట్‌ఆర్‌ఎమ్ (ప్యాకేజీ తీసేశాక నడిచే) స్క్రిప్టులో ఉంటుంది. అక్కడ పాత డైరెక్టరీని తొలగించే వరుస అలాగే ఉండిపోతే, మీ ఫోర్క్ వద్దనుకుని తీసేసిన మనిషి మిషన్‌లో అసలు అప్లికేషన్ సెట్టింగులు తుడిచిపెట్టుకుపోతాయి.